ఆపరేషన్ గొళ్ళెం

ఉదయం పదీ ఇరవై. సెమినార్ హాల్లో నూట నలభై కుర్చీలుంటే ఒక్కటీ ఖాళీ లేదు.

వేదిక మీద ఉన్న శాస్త్రవేత్త అంతవరకు అందర్నీ నవ్విస్తూనే ఉన్నాడు.

"మన నరాల్లో ప్రతి కణానికీ ఒక గోడ ఉంటుంది. ఆ గోడకి కంటికి కనపడనంత చిన్న తలుపులు. వాటినే మేం అయాన్ చానెల్స్ అంటాం. పొటాషియం, సోడియం లాంటివి వాటిల్లోంచి లోపలికీ బయటికీ తిరుగుతుంటాయి. ఆ రాకపోకలే మన ఒంట్లో కరెంటు. మీకో లెక్క చటుక్కున తట్టినా, పొద్దున్నే పొట్ట పని సాఫీగా అయినా, రెండూ ఆ తలుపుల పుణ్యమే. తలలో ఉన్న తలుపులే పేగుల్లోనూ ఉన్నాయి. తెలివిగలవాళ్ళు పొట్టని చిన్నచూపు చూడకూడదు."

హాలంతా నవ్వింది. ఆయన మూడో స్లైడు వేశాడు. ఎడమ చెయ్యి పొట్ట మీద పెట్టుకున్నాడు. పొద్దున్నుంచీ కడుపు బండలా ఉంది.

"ఇప్పుడు ఈ... ఈ..."

బొమ్మ వైపు వేలు చూపించాడు. మాట రాలేదు.

"అదే, ఇంటికి ఉంటుందే... తీస్తాం, వేస్తాం..."

ఇదీ హాస్యమేననుకుని జనం మళ్ళీ నవ్వారు. ఆఖరి వరసలో కూర్చున్న ఆయన చెల్లెలు మాత్రం నవ్వలేదు. కుర్చీలు తోసుకుంటూ ఆమె వేదిక ఎక్కేసరికి ఆయన నేల మీద చతికిలబడి తన చేతులు తనే వింతగా చూసుకుంటున్నాడు.

"అన్నయ్యా!"

ఆయన తలెత్తి మర్యాదగా అడిగాడు. "మీరెవరండీ?"

ముప్ఫై నాలుగేళ్ళలో ఆ నోటి వెంట ఆమెకి "మీరు" అన్న మాట అదే మొదటిసారి. అదే ఆఖరిసారి కూడా. అరగంటలో ఊపిరి ఆగిపోయింది. ఆయన పొట్ట మీద చెవి ఆనించిన చెల్లెలికి చిన్న గుడగుడైనా వినపడలేదు. బోర్లించిన కుండలా ఉంది.

ఆసుపత్రి కాగితంలో గుండెపోటు అని రాశారు. మూడో రోజున ఆయన భార్య రెండు సూట్‌కేసులు సర్దుకుని, కన్నీటి చుక్క రాల్చకుండా ఇల్లు వదిలి వెళ్ళిపోయింది.

*

చెల్లెల్ని గూఢచారి డిపార్టుమెంటులో అందరూ చీమ అంటారు. మనిషి నాలుగడుగుల పదకొండంగుళాలు. ఎక్కడైనా దూరగలదు, ఎవరి కంటా పడదు. కుట్టాకగానీ వచ్చిందని తెలీదు.

మూడు వారాల తర్వాత ఆమెకి పిలుపొచ్చింది. బయట 'ఎగుమతులు, దిగుమతులు' అని బోర్డున్న భవనం. మూడో అంతస్తులో చివరి గది. గోడ నిండా ఫైళ్ళు, కిటికీకి మందమైన తెర, బల్ల వెనక పెద్దాయన. ఆయనకీ పేరు ఉండే ఉంటుంది. పాతికేళ్ళుగా ఎవరూ వాడలేదు.

"కూర్చో. మీ అన్నయ్యది గుండెపోటు కాదు."

"తెలుసు సార్."

"ఎలా?"

"గుండెపోటొస్తే మనుషులు చెల్లెళ్ళని మరిచిపోరు."

పెద్దాయన ఒక నోటుబుక్కు ముందుకి జరిపాడు. అన్నయ్య దస్తూరి.

"మూర్ఛతో, పేగులు మెలిపెట్టే నొప్పితో బాధపడే పిల్లల కోసం మీ అన్నయ్య ఒక మందు చేశాడు. నరాల్లో పొటాషియం తలుపులు బ్రేకులాంటివి. ఈ మందు వాటిని తెరిచిపెడుతుంది. రేగిపోయిన నరం చల్లబడుతుంది. సరదాగా దానికి నిదానం అని పేరు పెట్టాడు. అయితే మోతాదు పెరిగితే ముందు పేగులు ఆగుతాయి. తర్వాత బుర్ర. మనిషి ఇప్పుడు విన్నది ఇప్పుడే మరిచిపోతాడు. ఏం చెప్పినా తలూపుతాడు. ఇంకా పెరిగితే ఊపిరే ఉండదు. ఆ ఫార్ములా బయటికి పోయింది."

"ఎవరికి?"

ఫొటో బల్ల మీద పడింది. తెల్లకోటు, బట్టతల, బొద్దు మొహం, పసిపాపలాంటి నవ్వు.

"పంటి డాక్టరు. పైకి క్లినిక్కు. లోపల పరాయి దేశపు ముఠాకి నాయకుడు. మీ అన్నయ్య దీనికి విరుగుడు కూడా కనిపెట్టాడు. తెరుచుకున్న తలుపుల్ని మూసే మందు. పేరు గొళ్ళెం. ఆ రోజు నాలుగో స్లైడులో దాన్నే బయటపెట్టబోయాడు. విరుగుడు లోకానికి తెలిస్తే వాళ్ళ ఆయుధం పనికిరాదు. అందుకే మూడో స్లైడు దగ్గర ఆపేశారు."

చీమ ఫొటో వంకే చూస్తోంది. ఫొటోలో క్లినిక్కు అద్దాల తలుపు మీద ఇంకో మొహం నీడలా పడింది. ముత్యాల చెవిపోగులు, మెడ కింద చిన్న పుట్టుమచ్చ.

"ఈవిడ మా వదిన."

పెద్దాయన ఫొటో వెనక్కి తీసుకున్నాడు.

"ఆమె జోలికి వెళ్ళకు" అన్నాడు పెద్దాయన.

"ఎందుకు సార్?"

"ఆర్డరు. గురువారం మధ్యాహ్నం పన్నెండుకి గవర్నమెంటు గెస్ట్‌హౌస్‌లో నది నీళ్ళ ఒప్పందం మీద సంతకాలు. ఆనకట్ట ఎగువన, వాళ్ళ గడ్డ మీద. దిగువన మనవి మూడువందల ఊళ్ళు. మన తరఫున సంతకం పెట్టేది చీఫ్ ఇంజినీరు. ఆయన్ని చంపరు. తలూపేలా చేస్తారు. ఏ కాగితం పెడితే ఆ కాగితం మీద సంతకం పెట్టేస్తాడు. నువ్వు ఆయనకి నర్సువి. నిన్న ఆ ఇంజినీరు ఒక్క కామా కోసం రెండు గంటలు పోట్లాడాడు. ఆ బుర్ర పన్నెండు దాకా అలాగే ఉండాలి."

"లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఒకరున్నారు. అవసరమైతే వాళ్ళే నీ దగ్గరికొస్తారు. 'నిదానమే ప్రధానం అంటారు' అంటారు. నువ్వు 'ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు' అనాలి."

చీమ లేచింది. తలుపు దగ్గర ఆయన గొంతు ఆపింది.

"నిన్ను పగ తీర్చుకోవడానికి పంపడం లేదు."

"తెలుసు సార్."

"అబద్ధం" అన్నాడు పెద్దాయన.

నిజమే. అబద్ధమే. ఈ మూడు వారాలూ ఆమె అన్నం తిన్నది పగతోనే, పడుకున్నది పగతోనే. మొదట్లో పగకి మొహం లేదు. ఇప్పుడు రెండు మొహాలు దొరికాయి.

కింది అంతస్తులో డిపార్టుమెంటు పరికరాలన్నీ చేసే రిపేరు బాబాయి ఆమె కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఇదిగోనమ్మా స్టెతస్కోపు. పొట్ట మీద పెట్టు. పేగులు కదుల్తుంటే ఈ పిడి మీద ఆకుపచ్చ లైటు. నిమిషం పాటు చప్పుడు లేకపోతే ఎరుపు. దగ్గర్లో ఎవరు మాట్లాడినా రికార్డు కూడా చేస్తుంది. ఎవరి పొట్టలో మాటైనా దాగదు."

"దేశ భద్రత కడుపు గుడగుడలో ఉందన్నమాట, బాబాయ్."

"ఎప్పుడూ అక్కడే ఉందమ్మా. ఇదిగో హెయిర్‌పిన్ను. మొనలో మత్తుమందు. గుచ్చితే మనిషి ఆరుగంటలు లేవడు." గొంతు తగ్గించాడు. "ఇది మీ అన్నయ్య ఫ్రిజ్‌లోది. గొళ్ళెం. ఒక్క డోసే మిగిలింది. పని చెయ్యడానికి పది నిమిషాలు పడుతుంది. చేజార్చుకోకు తల్లీ."

*

గురువారం ఉదయం ఎనిమిది. గెస్ట్‌హౌస్ మొదటి అంతస్తు. గంజి పెట్టిన తెల్ల యూనిఫాం, నెరిసిన విగ్గు, లావు ఫ్రేము కళ్ళజోడు. చీమకి ఇరవయ్యేళ్ళు పెరిగాయి.

చీఫ్ ఇంజినీరు కుడి దవడ కాస్త ఉబ్బి ఉంది. నోరు మాత్రం ఆగడం లేదు.

"ఏం నర్సమ్మా, పొట్ట మీద పెట్టావేంటి? గుండె ఇంకొంచెం పైన ఉంటుంది."

"కొత్త పద్ధతి సార్."

"పొట్టలో బీపీ చూస్తారా? రేపు మోకాలికి కళ్ళజోడు పెడతారు!"

లైటు పచ్చగా వెలిగింది. లోపల గుడగుడ.

ఆయన తినే ప్రతిదాన్నీ చీమ ముందుగా బాబాయి ఇచ్చిన కాగితం ముక్కతో పరీక్షించింది. బ్రెడ్డు, గుడ్లు, కాఫీ, పళ్ళరసం. అన్నీ శుభ్రం. నీళ్ళు తన సీసాలోవే ఇచ్చింది. తొమ్మిదిన్నరకి లైటు పచ్చన.

పదింటికి రెండు దేశాల బృందాలూ హాల్లోకి వచ్చాయి. దుబాసీ కూడా వచ్చింది. నల్ల సూటు, ముత్యాల చెవిపోగులు, ఐదు భాషలు. ఆవిడ అటు నుంచి ఇటు నడిస్తే రెండు దేశాలూ ఒకే వైపు చూశాయి. అంతమటుకు ఒప్పందం కుదిరినట్టే.

వదిన.

ఆమె వెనకే బట్టతల, పసిపాప నవ్వు. మెడలో పరాయి బృందం వైద్య సలహాదారు అన్న కార్డు. ఏదో అని వదిన భుజం తట్టాడు. వదిన నవ్వింది.

చీమ చెయ్యి విగ్గులో దోపిన హెయిర్‌పిన్నుని తడిమింది.

పదీ నలభై ఐదుకి టీ విరామం. లైటు పచ్చగా ఉన్నా మినుకు మినుకుమంటోంది. పదకొండూ పావుకి ఇంజినీరు తనే వచ్చాడు. "కడుపులో బండ పెట్టినట్టుందమ్మా" అన్నాడు. చీమ స్టెతస్కోపు ఆనించింది. అరవై సెకన్లు లెక్కపెట్టింది.

ఎరుపు.

తన కళ్ళు దాటి ఆ నోట్లోకి మెతుకు పోలేదు, చుక్క పోలేదు. మరి ఎలా?

హాల్లోంచి వదిన బయటికొచ్చింది. అటూ ఇటూ చూసి, నడవా చివర దుప్పట్లు, తువ్వాళ్ళు పెట్టే గదిలోకి దూరింది.

ఆర్డరు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే చీమ ఆమె వెంట వెళ్ళింది.

గదిలో ఇస్త్రీ వాసన. అరల నిండా తెల్లదుప్పట్లు. తలుపు మూసుకున్న చప్పుడుకి వదిన తిరిగేలోపే చీమ చెయ్యి ఆమె మెడ మీద ఉంది. పిన్ను మొన చర్మాన్ని తాకుతోంది.

"కదిలితే దిగిపోతుంది వదినా. ఇది మత్తుమందే. కానీ నువ్వు పడ్డాక దిండు ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఇక్కడ దిండ్లకి కరువు లేదు."

వదిన కదల్లేదు. విగ్గు వైపు ఓసారి చూసింది.

"తెల్ల జుట్టు నీకు బాగుంది. మీ అమ్మలా ఉన్నావు" అంది. తర్వాత ఆమె కళ్ళలోకి చూస్తూ అంది. "నిదానమే ప్రధానం అంటారు."

చీమ పిన్ను తియ్యలేదు. జవాబు తన నోట్లోంచి తనకి తెలీకుండానే వచ్చింది.

"ఆలస్యం అమృతం విషం... అని కూడా అంటారు."

"పిన్ను తియ్యి. టైము లేదు. నిన్నట్నుంచీ పెద్దాయన పంపే మనిషి కోసం చూస్తున్నాను. అది నువ్వని ఇందాక నడక చూస్తేగానీ తెలీలేదు."

"నువ్వు మనిషివా? మన మనిషివా?"

"ఆరేళ్ళుగా. మూడేళ్ళుగా వాడి దగ్గర వాడి మనిషినని నమ్మించి పనిచేస్తున్నాను. మీ అన్నయ్యకి కూడా తెలీదు."

"అన్నయ్య చనిపోతే ఏడవలేదేం?"

"ఏడిస్తే వాడు నమ్మడు. నమ్మకపోతే వాడి దగ్గర ఉండలేను. ఉండకపోతే వాణ్ణి పట్టుకోలేను." వదిన తలుపు వైపు ఓసారి చూసింది. "విను. ఇదీ విని, తర్వాత నీ ఇష్టం. మీ అన్నయ్యకి పన్ను నొప్పి. పంటి డాక్టరు 'మీ ఆయన్ని తీసుకురా, చూస్తాను' అన్నాడు. నేను పెద్దాయన్ని అడిగాను. 'తీసుకెళ్ళు, మీ ఆయన్ని తమవైపు లాగాలని చూస్తాడంతే. చేప గాలం దగ్గరికొస్తుంది' అన్నాడు. నేనే తీసుకెళ్ళాను. కుర్చీలో కూర్చోబెట్టింది నేనే. నోరు పెద్దగా తెరవండి అని వేళాకోళం చేసింది నేనే. ఆయన కళ్ళజోడు నా చేతిలోనే ఉంది. పంట్లో తాత్కాలికంగా సిమెంటు పెట్టి పంపాడు. మర్నాడే..."

చీమకి ఒక్కసారిగా ఉబ్బిన దవడ కళ్ళ ముందు మెదిలింది.

"సిమెంట్లో మందు!"

"కొద్దికొద్దిగా కరుగుతుంది. ఉమ్మితో కడుపులోకి పోతుంది. ముందు పేగులు, తర్వాత బుర్ర. మీ ఇంజినీరు నిన్న సాయంత్రం పన్ను నొప్పని వాడి దగ్గర కూర్చున్నాడు. నాకు ఇందాకే తెలిసింది."

పొద్దున్నుంచీ తను కంచానికి కాపలా కాసింది. కాటేసింది పన్ను.

"పన్నెండు దాకా హాలుని ఆపగలవా?"

"ఐదు భాషలొచ్చు నాకు. ఆపలేకపోతే దేనికి?" వదిన తలుపు మీద చెయ్యి వేసి ఆగింది. "నన్ను చంపాలనుంటే పన్నెండు తర్వాత చంపు. నేనెక్కడికీ పోను."

*

పదకొండూ ముప్ఫై ఎనిమిది. హాలు పక్కనే ఉన్న విశ్రాంతి గదిలోకి చీమ ఇంజినీరుని తీసుకొచ్చింది.

"పడుకోండి సార్."

"అలాగే."

"నోరు తెరవండి."

"అలాగే."

ఒక్క కామా కోసం రెండు గంటలు పోట్లాడిన మనిషి. ఇప్పుడు కిటికీలోంచి దూకమన్నా అలాగే అంటాడు.

పట్టకారుతో కుడి దవడ పంట్లోంచి బూడిదరంగు ముద్ద లాగి పారేసింది. వయల్లోంచి గొళ్ళెం సిరంజిలోకి ఎక్కించింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచింది.

వెనక తలుపు మెల్లగా మూసుకుంది.

"నా పేషెంటుని నువ్వు చూస్తున్నావేంటమ్మా?"

పంటి డాక్టరు చేతిలో సన్నటి సిరంజి. మొహంలో అదే నవ్వు. "నొప్పి ఉండదు. నా పేషెంట్లెవరూ తర్వాత ఫిర్యాదు చెయ్యలేదు."

బొద్దుగా ఉన్నా వాడు మెరుపులా మీదపడ్డాడు. చీమ గోడకి కొట్టుకుంది. గొళ్ళెం సిరంజి చేతిలోంచి జారి తివాచీ మీద దొర్లింది. వాడు ఒక చేత్తో ఆమె గొంతు పట్టుకున్నాడు. రెండో చేతిలో సూది మెడ వైపు దిగుతోంది. వాడి కాలు దొర్లుతున్న గొళ్ళెం సిరంజిని తొక్కడానికి లేచింది.

పిన్ను విగ్గులో ఎక్కడో చిక్కుకుపోయింది. వాడి బరువు కింద నలిగి ఆమె చేతులు రెండూ కదలడం లేదు. ఇక మిగిలింది ఒకటే.

చీమ కుట్టింది. సూది పట్టుకున్న వాడి మణికట్టు మీద పళ్ళన్నీ దిగేలా కొరికింది.

వాడు కెవ్వుమని చెయ్యి లాక్కున్నాడు. ఆ ఊపుకి ఆమె మోకాలితో ఆ మోచేతిని తన్నింది. సన్నటి సూది వాడి తొడలోనే దిగింది. పిస్టను అడుగు దాకా పోయింది.

ఇద్దరూ ఒక్క క్షణం ఆ సూదిని చూశారు.

చీమ నేల మీదకి దూకి గొళ్ళెం అందుకుంది. పగల్లేదు. ఇంజినీరు చేతికి గుచ్చి చివరి చుక్క దాకా ఎక్కించింది. గడియారం చూసింది. పదకొండూ నలభై ఆరు.

పంటి డాక్టరు గోడకి ఆనుకుని కూలబడ్డాడు. నవ్వు పోయింది.

"ఇంకోటి... ఇంకో డోసు ఉందా?"

"ఒక్కటే ఉండేది. తయారుచెయ్యగలిగిన మా అన్నయ్యని నువ్వే చంపావు."

ఆమె వాడి ఎదురుగా కూర్చుంది. చొక్కా పైకి లాగి స్టెతస్కోపు పొట్ట మీద పెట్టింది. కాసేపటికి లైటు ఎర్రబడింది. వాడికి కనపడేలా పిడి తిప్పింది.

"పేగులు ఆగాయి. తర్వాత మాటలు పోతాయి, ఆ తర్వాత ఊపిరి. నాకు వరస బాగా తెలుసు, దగ్గరుండి చూశాను. నీ మనుషుల పేర్లు గుర్తున్నప్పుడే చెప్పు. చెప్తే ఊపిరి ఆగకుండా చూస్తాను. చెప్పకపోతే ఇక్కడే కూర్చుంటాను."

వాడు చెప్పాడు. నాలుగు పేర్లు, ఒక గిడ్డంగి చిరునామా, రేడియో ఫ్రీక్వెన్సీ. మాట మాటకీ మధ్య ఎడం పెరుగుతోంది. ఐదో పేరు దగ్గర ఆగి వికారంగా నవ్వాడు.

"మీ పెద్దాయన... మంచివాడనుకున్నావా? మీ అన్నని చంపుతామని... మూడు రోజుల ముందే మా రేడియోలో విన్నాడు. అది మాకూ తెలుసు. అడ్డు చెప్పలేదు. ఎందుకో... ఇప్పుడర్థమైంది. నన్ను... ఇక్కడిదాకా రప్పించాలని. మీ అన్న... ఎర."

పిడి లోపల టేపు సన్నగా తిరుగుతోంది.

"ఇంకొక్కటి చెప్పు" అంది చివరికి. ఈ ఒక్క ప్రశ్న కోసమే మూడు వారాలు బతికింది. "నువ్వు చంపినవాడి పేరు చెప్పు. మా అన్నయ్య పేరు. గుర్తుపెట్టుకుని పో."

వాడు నొసలు ముడిచాడు. చాలాసేపు ఆలోచించాడు. గది చుట్టూ చూశాడు. ఆమె తెల్ల యూనిఫాం చూశాడు. మొహంలో పసివాడి బెరుకు వచ్చింది.

"నర్సమ్మా, నా నెంబరు ఎప్పుడు పిలుస్తారు? ఎందుకొచ్చానో గుర్తు రావడం లేదు."

చీమ చెయ్యెత్తింది. వాణ్ణి కొట్టాలనుంది. కానీ కొట్టించుకోవాల్సినవాడు ఎక్కడ? పగ తీరాలంటే ఎదుట ఆ మనిషుండాలి. అన్నయ్యని చంపినవాడు పారిపోయాడు. తలుపులన్నీ తెరుచుకుని, తన బుర్రలోంచి తనే వెళ్ళిపోయాడు. ఇక్కడ మిగిలింది డాక్టరు కోసం ఎదురుచూస్తున్న ఎవరో రోగి.

వాడి ఛాతీ ఎగశ్వాస అందుకుంది. తర్వాత ఆగింది.

చూస్తూ కూర్చోవచ్చు. ఎవరూ అడగరు.

చీమ పళ్ళ బిగువున ఒక బూతు మాట తిట్టి, నర్సు పెట్టెలోంచి ఊపిరి సంచీ తీసి వాడి మొహానికి ఆనించింది. నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"నిన్ను బతికిస్తున్నందుకు కూడా నిన్ను క్షమించను" అంది వాడితో. వాడికి వినపడలేదు.

మంచం మీద నుంచి పెద్ద చప్పుడు. ఉరుములాంటి గుడగుడ.

"నర్సమ్మా!" ఇంజినీరు లేచి కూర్చున్నాడు. "ఆకలి దంచేస్తోంది! ఎవరితను? టైమెంత? అయ్యో, సంతకాలు!"

పదకొండూ యాభై ఎనిమిది.

"పరిగెత్తండి సార్. గేటు దగ్గరున్న అంబులెన్సు వాళ్ళని పైకి పంపమనండి. సంతకం పెట్టేముందు చదవండి. ప్రతి అక్షరం!"

"నాకు చెప్తున్నావా?" అంటూ ఆయన చొక్కా చెయ్యి దించుకుంటూ పరుగెత్తాడు. తలుపు బార్లా తెరిచే పోయాడు.

హాల్లో వదిన గొంతు వినిపిస్తోంది. ఏడో క్లాజుని ఆమె పన్నెండు నిమిషాలుగా అనువదిస్తోంది. 'గౌరవనీయులైన', 'మిక్కిలి గౌరవనీయులైన' అన్న మాటల మధ్య తేడా పరాయి నాయకుడికి మూడోసారి వివరిస్తోంది. ఆయన బల్ల మీద వేళ్ళతో దరువేస్తున్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడు. కలం మూత తీసిన చప్పుడు. గోడ గడియారం పన్నెండు కొట్టడం మొదలుపెట్టింది.

చీమ సంచీ నొక్కుతూ లెక్కపెట్టింది. తొమ్మిది. పది. పదకొండు.

"ఆగండి!" ఇంజినీరు గొంతు. "తొమ్మిదో క్లాజు. నిన్న ఇక్కడ 'సంప్రదించి' అని ఉంది. ఇవాళ 'తెలియజేసి' అయిందేం? అంటే గేట్లు మీరెత్తేసి మాకు కబురు పెడతారా? ఎవరికి పెడతారయ్యా? మునిగినవాళ్ళకా?"

కాగితాలు బల్ల మీద విసిరిన చప్పుడు. తర్వాత వదిన ఆ మాటల్ని పరాయి భాషలోకి మార్చింది. ఈసారి ఐదు సెకన్లలో. ఒక్క గౌరవనీయులు కూడా లేకుండా.

పన్నెండో గంట అప్పటికే కొట్టేసింది. మెట్ల మీద బూట్ల చప్పుడు. అంబులెన్సు వాళ్ళొచ్చి చీమ చేతుల్లోంచి సంచీ తీసుకున్నారు.

గుమ్మంలో వదిన నిలబడింది.

"పన్నెండు దాటింది" అంది. "చంపుతానన్నావుగా."

చీమ విగ్గు పీకి పక్కన పడేసింది. మంచం మీది దిండుని దూరంగా విసిరింది. వదిన వచ్చి పక్కన, తివాచీ మీద కూలబడింది. అప్పుడు ఏడ్చింది. మూడు వారాలది, ఆరేళ్ళది, అంతా కలిపి.

*

శనివారానికి నలుగురు దొరికారు. గిడ్డంగి దొరికింది. పంటి డాక్టరు జైలు ఆసుపత్రిలో బతికే ఉన్నాడు. రోజూ ఉదయం నర్సుని తన నెంబరు ఎప్పుడొస్తుందని అడుగుతాడట.

సోమవారం ఉదయం పెద్దాయన గదిలో చీమ నిలబడింది.

"శభాష్. ఆ టేపు కూడా ఇచ్చేస్తే ఫైలు మూసేద్దాం."

"కాపీలు తీశాను సార్. ఒకటి విచారణ కమిటీకి చేరింది. మిమ్మల్ని బుధవారం పిలుస్తారు."

పెద్దాయన మొహంలో రంగు మారలేదు. పాతికేళ్ళ అలవాటు.

"మూడువందల ఊళ్ళమ్మా. తూకం వేశాను. ఒక మనిషి ఇటు, అన్ని ఊళ్ళు అటు. నువ్వయితే ఏం చేసేదానివి?"

"తెలీదు సార్. అడిగేదాన్ని. మా అన్నయ్యని అడిగితే తనే వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేవాడేమో. మీరు అడగలేదు."

పెద్దాయన ఫైలు పక్కకి జరిపాడు. బల్ల మీదున్న టీ కప్పు అందుకున్నాడు. పెదాల దాకా ఎత్తాడు.

"టీ బాగుందే. వాసన ఘుమఘుమలాడుతోంది. ఎవరు పెట్టారు?"

"వదిన" అంది చీమ.

కప్పు గాల్లో ఆగింది. పెద్దాయన పొట్ట గుర్రుమంది.

"తాగండి సార్" అంది చీమ తలుపు దగ్గరికి నడుస్తూ. "అందులో టీ పొడీ, పంచదారా తప్ప ఏం లేవు. మా వదిన పరాయి దేశాలకే అబద్ధాలు చెప్తుంది."

బుధవారం విచారణకి పెద్దాయన ఇంటి నుంచి ఫ్లాస్కు తెచ్చుకున్నాడు. దానికి తాళం కూడా ఉందని చూసినవాళ్ళు చెప్పారు.